గట్టు కట్టిన ఆట

“జూదం డబ్బుతో పిల్లలకు నీళ్ళు పోస్తావా నాయనా?” అని అడిగింది అమ్మ.

కోపంతో అడగలేదు. ఆవిడ కోపమంతా మా నాన్నగారితోనే ఖర్చయిపోయింది. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, తల ఎత్తకుండా, కూరగాయల ధర అడిగినంత మామూలుగా అడిగింది. నేను బల్ల మీద రంగురంగుల బిళ్ళలు పరచుకుని లెక్కలు వేసుకుంటున్నాను. జవాబు తోచక, “ఇది జూదం కాదమ్మా, విరాళం” అన్నాను. అన్న మరుక్షణమే ఆ మాట ఎక్కడో విన్నట్టు అనిపించింది. నాన్నగారు కూడా తమ ఆటకు ఎప్పుడూ వేరే పేరే చెప్పేవారు.

మా నాన్నగారు చెడ్డవారు కారు. ఊళ్ళో ఎవరికి అర్జీ రాయవలసి వచ్చినా మా అరుగు మీదికే వచ్చేవారు. ఆయన పద్యం ఎత్తుకుంటే దారిన పోయేవాళ్ళు నిలబడి వినేవారు. ఆయనకున్న వ్యసనం ఒక్కటే, పేక. అమ్మ అడ్డు చెప్పినప్పుడల్లా, “రమ్మీ జూదం కాదే, నైపుణ్యపు ఆట. సుప్రీంకోర్టే చెప్పింది” అనేవారు. అది అబద్ధమేమీ కాదు. సికిందరాబాదులోని ఒక క్లబ్బు విషయమై నడిచిన కేసులో, 1967 నవంబరులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడే ఆట అని సుప్రీంకోర్టు నిజంగానే అన్నది. అదే తీర్పులో మూడు ముక్కలాటను మాత్రం కేవలం అదృష్టపు ఆటగా పక్కన పెట్టింది. నాన్నగారు మొదటి సగమే చెప్పేవారు. సాయంత్రం రమ్మీతో మొదలైన కూర్చోవడం రాత్రి పదింటికి మూడు ముక్కలలోకి దిగేదన్న సంగతి మాకు చాలాకాలం తెలియదు.

తెనాలి ప్రాంతంలో కాలువ కింద మాకు ఎకరన్నర మాగాణి ఉండేది. సినిమాలలో చూపించినట్టు అది ఒక్క రాత్రిలో పోలేదు. నాలుగేళ్ళు పట్టింది. పట్నంలోని ఆ క్లబ్బులో గుమస్తా ఒకాయన ఉండేవాడు. చేతిలో డబ్బు అయిపోయి లేవబోయినవాడికి, “కూర్చోండి, ఏం పర్వాలేదు, రేపు చూసుకుందాం” అంటూ కాయిన్లు ముందుకు తోసి పద్దు పుస్తకంలో రాసుకునేవాడు. నాకు పదేళ్ళప్పుడు, నాన్నగారిని అన్నానికి పిలవడానికి వెళ్ళి గుమ్మంలోంచి ఆ దృశ్యం చూశాను. ఎంత మర్యాదైన మనిషో! నవ్వు ముఖం. నాకు ఒక పిప్పరమెంటు కూడా ఇచ్చాడు. నాన్నగారి మీద గెలిచినవాళ్ళ ముఖాలు ఒక్కటీ నాకు గుర్తులేవు గాని, ఆయన ముఖం మాత్రం నేటికీ గుర్తే.

ఇంతటి పూర్వచరిత్ర ఉన్న నేను పోకరు పోటీ నిర్వహించడానికి ఎందుకు పూనుకున్నానని చదువరులు అడగవచ్చు. చెబుతాను.

ఇరవై ఏళ్ళ పైబడి కాలిఫోర్నియాలో, ఫ్రీమాంటులో ఉంటున్నాను. మేము పదిమందిమి కలిసి ఒక చిన్న సేవాసంస్థ నడుపుతున్నాము. మా ఊరి జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో ఆడపిల్లలకు మరుగుదొడ్లు కట్టించారు గాని వాటికి నీళ్ళు లేవు. నీళ్ళు లేని మరుగుదొడ్డికి తాళం పడుతుంది. తాళం పడితే పెద్దపిల్లలు నెలకు కొన్ని రోజులు బడి మానేస్తారు. ఒక బోరు, మోటారు, మేడ మీద ట్యాంకు, గొట్టాలు, ఇవి సమకూర్చాలని మా సంకల్పం. అంతకుముందు మూడేళ్ళూ సంగీత విభావరులు పెట్టాము. హాలు అద్దె, మైకుల బాడుగ, భోజనాలు, గాయకుల విమానపు టిక్కెట్లు పోను మిగిలింది చూసుకుంటే, ఆ శ్రమ మానేసి తలా కొంత వేసుకుని ఉంటే ఎక్కువ పోగయ్యేదని తేలింది. అప్పుడు మా కార్యదర్శి మిత్రుడు, “పాటకు వంద డాలర్లు పెట్టడానికి మనవాళ్ళు ఆలోచిస్తారు. ఆటకైతే ఆలోచించరు. పోకరు పెడదాం” అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వు ఆగాక ఎవరూ కాదనలేదు.

అమెరికాలో జూదపు చట్టం ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరు. కాలిఫోర్నియాలో సేవాసంస్థలు ఇటువంటి పోటీ పెట్టుకోవచ్చు గాని, షరతులు చాలా ఉన్నాయి. ముందుగా రాష్ట్రప్రభుత్వపు జూద నియంత్రణ విభాగంలో నమోదు చేయించుకోవాలి. ఏడాదికి ఒక్కసారే పెట్టాలి. ఇరవయ్యొకటి నిండనివాళ్ళను ఆడనివ్వకూడదు. వచ్చిన మొత్తంలో కనీసం 90 శాతం సేవకే చెందాలి. బహుమతులు నగదుగా ఇవ్వకూడదు. ఒక్కో వస్తువు విలువ 500 డాలర్లు, అన్నీ కలిపి 5,000 డాలర్లు దాటకూడదు. అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్న షరతు మరొకటి ఉన్నది. ఆట ఎడతెగకుండా 5 గంటలకు మించి సాగరాదు. ఆ వాక్యం చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. మా పట్నపు క్లబ్బు గోడకు గడియారం ఉన్న గుర్తు నాకు లేదు.

ఇక పోకరు సంగతి. టెక్సస్ హోల్డెమ్ అనే రకంలో ప్రతి ఆటగాడికి రెండు ముక్కలు మూసి పంచుతారు. బల్ల మధ్యలో అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు, మొదట మూడు, తరువాత ఒకటి, చివరకు ఒకటి, తెరుస్తారు. ఆ ఏడింటిలో మేలైన ఐదింటి కూర్పు ఎవరిదైతే వారు గెలిచినట్టు. ప్రతి ఆటలోనూ ఇద్దరు, ముక్కలు చూడకముందే, నిర్ణీతమైన పందెం కాయాలి. దానిని బ్లైండు అంటారు. మన మూడు ముక్కలాటలోని బ్లైండు ఇష్టపడి ఆడేది. ఇది తప్పనిసరిగా కట్టే శిస్తు వంటిది. పోటీలలో ఈ శిస్తు నిర్ణీత కాలానికొకసారి పెరుగుతూ పోతుంది. అందువల్ల ఎంత జాగ్రత్తపరుడైనా చేతులు ముడుచుకుని కూర్చుంటే కరిగిపోతాడు. ఆట ముగిసేది ఆటగాళ్ళ దయవల్ల కాదు, ఈ శిస్తు వల్ల.

కాబట్టి నిర్వాహకుడి పని అంతా గడియారంతోనే. 48 మంది ఆటగాళ్ళు, బల్లకు ఎనిమిదిమంది చొప్పున ఆరు బల్లలు. ఒక్కొక్కరికి 5,000 విలువగల బిళ్ళలు: ఇరవై ఐదువి ఎనిమిది, వందవి ఎనిమిది, ఐదువందలవి నాలుగు, వెయ్యివి రెండు. అంటే మనిషికి 22, మొత్తం 1,056 బిళ్ళలు. ముగ్గురు మిత్రుల ఇళ్ళనుంచి మూడు పెట్టెలు ఎరువు తెచ్చాము. ఈ బిళ్ళలకు డబ్బుతో సంబంధం లేదు. ప్రవేశ రుసుము వంద డాలర్లు ఇచ్చినవాడికి వచ్చేది వంద డాలర్ల బిళ్ళలు కాదు, కూర్చునే హక్కు. గదిలో ఉన్న మొత్తం బిళ్ళల విలువ 2,40,000. పెద్ద బ్లైండు అందులో ఇరవయ్యో వంతుకు, అంటే 12,000కు చేరేసరికి ఏ పోటీ అయినా ముగింపుకు వచ్చేస్తుందని అనుభవజ్ఞుల లెక్క. 25-50తో మొదలుపెట్టి 6,000-12,000 చేరడానికి పదహారు మెట్లు వేశాను. మెట్టుకు ఇరవై నిమిషాలైతే 5 గంటలు దాటిపోతుంది. పదిహేను చేస్తే 4 గంటలు. పది నిమిషాల విరామాలు రెండు కలిపి 4 గంటల 20 నిమిషాలు. తడబాట్లకు 40 నిమిషాలు మిగులు. అమ్మ చిక్కుడుకాయల పక్కన కూర్చుని నేను వేసుకున్న లెక్కలు ఇవే.

ముక్కలు పంచడానికి ఆరుగురు స్వచ్ఛంద సేవకులు కావాలి. మా గరాజులో మూడు ఆదివారాలు శిక్షణ ఇచ్చాము. పంచడం అందరికీ వచ్చు. కష్టమల్లా వరుస తప్పకుండా పందేలు అడగడం, ఒకడు ఉన్నదంతా ఒడ్డినప్పుడు మిగతావారి పందేన్ని విడిగా ఒక పక్కకు లెక్క కట్టడం. ఇద్దరు సాఫ్టువేరు ఇంజనీర్లు ఆ లెక్క దగ్గరే పదేపదే బోల్తా పడ్డారు. ఒక కిరాణా దుకాణంలో గల్లాపెట్టె దగ్గర కూర్చునే సోదరి మొదటి ఆదివారమే అందుకున్నది.

ఇంతవరకు అందరం ఏకగ్రీవమే. తగవు వచ్చింది రీబై దగ్గర. ఓడినవాడు మళ్ళీ వంద డాలర్లు కట్టి మళ్ళీ బిళ్ళలు తీసుకుని కూర్చోవడమే రీబై. చాలా పోటీలలో ఇది మామూలు. కార్యదర్శి మిత్రుడు కాగితం మీద చూపించాడు. సగంమంది ఒక్కసారి తిరిగి కట్టినా 2,400 డాలర్లు అదనం. “ఎవరి జేబులోకి పోతోంది? పిల్లలకే కదా! వాళ్ళు ఇస్తానంటుంటే వద్దనడానికి మనమెవరం?” అన్నాడు. అతని వాదనలో తప్పు పట్టడం నాకు చేతకాలేదు. నాకు తోచినదల్లా ఒక పాత కథ. ధర్మరాజు మొదటి జూదంలో సర్వమూ ఓడాక, ధృతరాష్ట్రుడు ఓడినదంతా తిరిగి ఇచ్చి పంపాడు. పాండవులు ఇంద్రప్రస్థం దారి పట్టారు. కథ అక్కడ ఆగి ఉంటే అరణ్యవాసమే లేదు. కాని మళ్ళీ రమ్మని కబురు వచ్చింది. ఆయన వెనుదిరిగి వచ్చి కూర్చున్నాడు. దానిని అనుద్యూతం అన్నారు. “అదే రీబై” అన్నాను. సమావేశంలో నవ్వులు. చివరకు నా మొహమాటానికో, మా నాన్నగారి సంగతి కొందరికి తెలియడం వల్లనో, రీబై లేదని తీర్మానించారు. ఒక్కసారి కట్టాలి, ఓడితే లేచి భోజనం చేయాలి. ఇంకా ఇవ్వాలనుకునేవారికి గుమ్మం పక్కన విరాళాల పెట్టె.

2023 అక్టోబరులో ఒక శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకు మొదలుపెట్టాము. అమ్మ రాలేదు. కాని తెల్లవారుజామునే లేచి పెద్ద గిన్నెడు పులిహోర కలిపింది. “అన్నం పెట్టడానికి నాకేం? ఆడేవాళ్ళకూ ఆకలేస్తుంది” అన్నది.

తొలి గంట సందడిగా గడిచింది. బిళ్ళలు గలగలమంటుంటే హాలంతా తిరునాళ్ళలా ఉన్నది. అందరినీ ఆశ్చర్యపరచినది అరవై ఏడేళ్ళ ఒక పిన్నిగారు. అబ్బాయి దగ్గరికి విజయవాడ నుంచి వచ్చిన మనిషి. పోకరు ముందురోజే నేర్చుకున్నారు. ముక్కలు చూడటం, పారేయడం, చూడటం, పారేయడం. ఇదేమి ఆట అని పక్కవాళ్ళు నవ్వితే, “బాగోని ముక్కలు పట్టుకుని ఏం చేస్తాం బాబూ? రమ్మీలో డ్రాపు లేదూ?” అన్నారు. పుస్తకాలు చదివివచ్చిన కుర్రాళ్ళు ముప్ఫైమంది ఆవిడకన్నా ముందే లేచి పులిహోర దగ్గరకు చేరారు. ఈ ఆటకు కీలకం ఏదంటే పారేయగలగడమేనని ఆవేళ నాకు తెలిసింది.

నాలుగో మెట్టులో ఆ సంఘటన జరిగింది. ముప్ఫై దాటని ఒక యువకుడు రాజుల జత పట్టుకుని ఉన్నదంతా ఒడ్డాడు. ఎదుటివాడి చేతిలో ఆసుల జత. మధ్య ముక్కలు ఏవీ ఆదుకోలేదు. అతను తప్పు ఆడలేదు. రాజుల జతను పారేసేవాళ్ళు అరుదు. లేచి నేరుగా నా బల్ల దగ్గరకు వచ్చాడు.

“అన్నా, ఇంకొక్కసారి.”

“రీబై లేదు తమ్ముడూ. ముందే చెప్పాము కదా.”

“వంద కాదు, ఐదువందలిస్తాను. సేవకే కదా అన్నా! మీకే కదా లాభం!” అంటూ ఐదు నోట్లు బల్ల మీద పెట్టాడు. అతని చూపు నా మీద లేదు. తను లేచివచ్చిన కుర్చీ మీద ఉన్నది.

ఇక్కడ నా సంగతి దాచకుండా చెప్పాలి. ఐదువందల డాలర్లు అనగానే నా మనసులో మోటారు ధర మెదిలింది. మిగిలిన బిళ్ళల పెట్టె నా మోచేతి పక్కనే ఉన్నది. చేయి దాని మూత మీదికి వెళ్ళింది. “పర్వాలేదు” అన్న మాట నోటిదాకా వచ్చింది. ఆ మాట నాలుక మీదికి రాగానే, నవ్వు ముఖంతో, పిప్పరమెంటుతో, ఆ గుమస్తా కనబడ్డాడు. ఇన్నేళ్ళూ నేను ఆ గదిలో నాన్నగారి కుర్చీలోనే నన్ను ఊహించుకుని భయపడుతూ వచ్చాను. బల్లకు ఇవతలి పక్క కూడా ఒక కుర్చీ ఉంటుందనీ, అందులో మర్యాదస్థులే కూర్చుంటారనీ, వారికి కూడా ఏదో ఒక మంచి కారణం ఉంటుందనీ ఎన్నడూ తోచలేదు. ఆ గుమస్తాకూ పిల్లలు ఉండే ఉంటారు.

చేయి వెనక్కి తీసుకున్నాను. “సేవకైతే అదిగో పెట్టె. అందులో ఎంతైనా వెయ్యి. బిళ్ళలు మాత్రం ఇవ్వలేను” అన్నాను.

అతను పెట్టె వైపు చూశాడు. నోట్లు ఒక్కొక్కటిగా ఏరి జేబులో పెట్టుకున్నాడు. ముఖం గంటు పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. పెట్టెలో ఏమీ వేయలేదు. అందుకు అతనిని తప్పు పట్టడం లేదు. ఆ డబ్బు ఎవరికోసం బయటికి వచ్చిందో ఇద్దరికీ తెలిసింది, అంతే.

పది నిమిషాల తరువాత, వడ్డన దగ్గర ఉన్న ఒక అమ్మాయి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అతని భార్య. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, “అన్నయ్యగారూ, ఆయనకు మళ్ళీ ఇవ్వలేదు కదా?” అని అడిగింది.

“లేదమ్మా.”

“మంచిది” అని వెళ్ళి మళ్ళీ గరిటె పట్టుకున్నది. అంతకుమించి ఒక్క మాట లేదు.

ఆట 4 గంటల 38 నిమిషాలకు ముగిసింది. పిన్నిగారు నాలుగో స్థానంలో నిలిచి ఒక ప్రెషరు కుక్కరు గెలుచుకున్నారు. బహుమతులన్నీ స్థానిక దుకాణాలవారు ఉచితంగా ఇచ్చినవే. రుసుముల రూపంలో 4,800 డాలర్లు వచ్చాయి. నమోదు, హాలు అద్దె, కొత్త పేకలు కలిపి ఖర్చు 460. పెట్టెలో 1,115. అంతా కలిపి మిగిలినది 5,455 డాలర్లు, అప్పటి మారకంలో సుమారు నాలుగున్నర లక్షల రూపాయలు. విదేశీ విరాళాల చట్టానికి 2020లో జరిగిన సవరణ ప్రకారం అటువంటి డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో, అందుకునే సంస్థ ఖాతాలోనే పడాలి. ఆ కాగితాలన్నీ పూర్తయ్యి, బోరు పడి, ట్యాంకు ఎక్కేసరికి మరుసటి ఏడు వేసవి వచ్చింది. రీబై పెట్టి ఉంటే సంక్రాంతికే అయిపోయేదని కార్యదర్శి మిత్రుడు ఇప్పటికీ అంటాడు. కావచ్చు.

ఆ రాత్రి ఇంటికి వచ్చేసరికి అమ్మ మేలుకునే ఉన్నది. ఎంత వచ్చిందని అడగలేదు. “ఆ డబ్బులో ఎవరి ఏడుపూ లేదు కదా?” అని అడిగింది. యువకుడి సంగతి చెప్పాను. ఐదు నోట్ల సంగతీ, నా చేయి పెట్టె మీదికి వెళ్ళిన సంగతీ కూడా చెప్పాను. ఆ చివరిది విని ఆవిడ ఏమీ అనలేదు. వాళ్ళావిడ వచ్చి అడిగిన మాట చెప్పగానే మాత్రం నిటారుగా కూర్చున్నది.

“వచ్చి అడిగిందా?”

“అడిగింది.”

“నువ్వు చెప్పావా?”

“చెప్పాను.”

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “నేనూ రెండుసార్లు వెళ్ళాను రా ఆ క్లబ్బు దాకా” అన్నది. నాకు ఆ సంగతి అప్పటివరకు తెలియదు. “గేటు దగ్గర నిలబడ్డాను. ఎవరిని అడగాలో తెలియలేదు. అడిగితే చెప్పేవాళ్ళు ఎవరుంటారు అక్కడ? బస్సు తప్పిపోతుందని వచ్చేశాను.”

పొలానికి గట్టు ఎందుకో మా ఊళ్ళో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. నీరు చెడ్డదని కాదు. ఎక్కడ ఆగాలో నీటికి తెలియదు గనుక. ఐదు గంటలు, వంద డాలర్లు, ఒక్కసారి: ఇవి మేము కట్టుకున్న గట్లు. ఇంతకన్నా మంచి జవాబు అమ్మ మొదటి ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ లేదు. అది జూదం కాదని మాత్రం మళ్ళీ అనలేదు.

2024లో కూడా పోటీ పెట్టాము. ఆ యువకుడు రాలేదు; అతని భార్య వచ్చి వడ్డన చేసి వెళ్ళింది. ముందురోజు రాత్రి అమ్మ చింతపండు నానబెడుతూ, “అబ్బాయ్, ఆ రీబయ్యో ఏదో అన్నావే, అది ఈసారి కూడా లేదు కదా?” అని అడిగింది.

“లేదమ్మా” అన్నాను.

“అయితే ఇంకో రెండు సోలలు ఎక్కువ పొయ్యనా?” అంటూ బియ్యం డబ్బా మూత తీసింది.